శ్రీగంధం: మొక్కలు అమ్మేవారున్నారు, చేవ కొనేవారేరి?

గౌరవనీయులైన సంపాదకులకు,

కొంతకాలంగా పత్రికల ఆదివారం పేజీల్లో, టీవీ తెర అడుగున, హైదరాబాద్ చుట్టుపక్కల రహదారుల మీది హోర్డింగుల్లో శ్రీగంధం తోటల ప్రకటనలు ఎడతెగకుండా వస్తున్నాయి. పావెకరమో అరెకరమో కొనుక్కోండి, మొక్కలు మేమే నాటి పెంచుతాం, పన్నెండు పదిహేనేళ్లకు కోట్లు మీ చేతికొస్తాయన్నది వాటి సారాంశం. పదవీ విరమణ సొమ్ము చేతికందిన ఉద్యోగులు, బెంగళూరులోనో అమెరికాలోనో కొలువు చేసుకుంటూ సొంతూరి మట్టి మీద మమకారం చావని మన పిల్లలు, పొలం అమ్మగా వచ్చిన డబ్బును మళ్లీ భూమి మీదే పెట్టాలనుకునే రైతు కుటుంబాలు ఆ మాట నమ్మి డబ్బు కడుతున్నారు. హిందూపురం ప్రాంతంలో పొలం గట్ల మీదా, మామిడి వరుసల మధ్యా శ్రీగంధం పెంచుకుంటున్న రైతుగా, ఈ చెట్టు మీద ఉన్న ప్రేమతోనే, ఆ ప్రకటనల్లో కనిపించని సంగతులు కొన్ని మీ పాఠకుల ముందు పెట్టాలనుకుంటున్నాను. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో శ్రీగంధం మొక్కలు అమ్మేవారికి కొదవ లేదు; ఆ మొక్క పెరిగి చేవ (చెట్టు నడిమధ్య పేరుకునే సువాసన చెక్క) పట్టిందో లేదో చూసి, తూచి, నిక్కచ్చిగా ధర కట్టి కొనే ఏర్పాటు మాత్రం సామాన్య రైతుకు అందుబాటులో కనిపించడం లేదు. అది ముందు ఏర్పడాలన్నదే నా విన్నపం.

శ్రీగంధం ఒంటరిగా బతికే చెట్టు కాదు. ఆకులున్నాయి గనుక ఆహారం తనే తయారు చేసుకుంటుంది గానీ, నీటికోసం, కొన్ని పోషకాలకోసం పక్క మొక్కల వేళ్లను ఆశ్రయిస్తుంది. అందుకే నర్సరీ సంచిలో దాని పక్కన పొన్నగంటి మొక్క పెడతారు. పొలంలో నాటాక మొదటి ఏడాది రెండేళ్లు కంది తోడు కావాలి. ఆ తర్వాత దశాబ్దాల పాటు సరుగుడో, అవిశో, కానుగో వంటి గట్టి చెట్టు దగ్గరలో ఉండాలి. వాన పడిన మర్నాడు శ్రీగంధం మొదట్లో ఉన్న కంది మొక్కను మట్టిపెళ్లతో సహా మెల్లగా లేపి, తొట్టి నీళ్లలో ఆడించి చూడండి. శ్రీగంధం సన్నవేరు కంది వేరును జలగలా పట్టుకున్న చోట తెల్లటి చిన్న బుడిపె కనిపిస్తుంది. చెట్టు బతుకంతా ఆ బుడిపెల మీదే ఆధారపడి ఉంది. ప్రకటనల్లో అచ్చువేసే ఫొటోలు చూస్తే, కలుపు మొక్క ఒక్కటి లేకుండా దున్నిన చాళ్లలో డ్రిప్పు పైపుల వెంట శ్రీగంధం మొక్కలు మాత్రమే బారులు తీరి ఉంటాయి. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, తోడు మొక్క లేని ఆ మొక్కలు రెండు మూడేళ్లు తిరిగేసరికి ఆకు పాలిపోయి, ఎదుగుదల ఆగి, ఒక్కొక్కటే ఎండిపోతాయి. నీరు నిలిచే నల్లరేగడిలో నాటితే అంతకంటే ముందే వేరు కుళ్లుతుంది. మా ప్రాంతంలో ఉన్నటువంటి ఎర్రటి గరపనేలలు, నీరు ఇట్టే జారిపోయే వాలు భూములు దీనికి సరిపడతాయి. కాబట్టి తోట కొనేముందు ధర కంటే ముందుగా నేల ఏ రకమో, తోడు చెట్టు ఏదో అడగాలి.

ఇంతా చేసి చెట్టు ఏపుగా పెరిగినా, విలువంతా చేవలోనే ఉంది. బెరడుకు వాసన లేదు. బెరడు కింద ఉండే తెల్లచెక్కకూ వాసన లేదు. మధ్యన పసుపు కలిసిన గోధుమ రంగులో పేరుకునే చేవలోనూ, వేళ్లలోనూ మాత్రమే సువాసన తైలం ఉంటుంది. వేళ్లలో తైలం శాతం కాండంలో కంటే ఎక్కువ. అందుకే శ్రీగంధాన్ని నేల మట్టానికి నరకరు, చుట్టూ తవ్వి వేళ్లతో సహా పెకలిస్తారు. చేవ పట్టడం సాధారణంగా పదేళ్ల ప్రాంతంలో మొదలవుతుందని చెబుతారు గానీ, అది చెట్టు చెట్టుకూ మారుతుంది. ఒకే విత్తనాల గంపలోంచి తీసి, ఒకే రోజున, ఒకే వరుసలో నాటిన చెట్లలో ఒకదానికి చేయి మందాన చేవ ఉండవచ్చు, పక్కదానికి అసలే లేకపోవచ్చు. పైనుంచి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆ మధ్య ఒక వేసవి గాలివానకు మా పొలంలో పదేళ్లు దాటిన శ్రీగంధం ఒకటి వేళ్లతో సహా ఒరిగిపోయింది. మొదలు లావు చూసిన ఊళ్లోవాళ్లందరూ చేతికి మంచి సొమ్మే వస్తుందన్నారు. పడిన చెట్టును ఏం చేయాలో, ఎవరి అనుమతి కావాలో చెప్పమని సంబంధిత కార్యాలయానికి తిరిగితే, ఒక్కొక్కరు ఒక్కో కాగితం అడిగారు. చివరికి అనుమతి చేతికొచ్చేసరికి వానలు పడి, తెల్లచెక్క అంతా చెదలు పట్టింది. రంపంతో కోసి చూస్తే, ఆ తెల్లచెక్క నడుమ బొటనవేలి మందాన చేవ ఉంది. దానికి మాత్రం చెద అంటలేదు. మొదలు దగ్గర ఉన్న ఆ చేవ నడుమెత్తుకు వచ్చేసరికి సన్నబడి, పైన పూర్తిగా మాయమైంది. గోటితో గీకి వాసన చూస్తే తెల్లచెక్కది మామూలు కట్టె వాసనే, నడిమధ్య ఆ కాస్త మేరలోనే గంధం. పదేళ్ల పాటు నీళ్లు, కాపలా, కంచె అన్నీ చూసుకున్న చెట్టు అది.

ఇప్పుడు ప్రకటనల లెక్క చూద్దాం. పదడుగులకొక మొక్క చొప్పున నాటితే ఎకరాకు 435 మొక్కలు పడతాయి. ఒక్కో చెట్టుకు పది కిలోల చేవ, కిలో పదివేల రూపాయలు అనుకుంటే, గుణించేసరికి ఎకరాకు 4 కోట్ల 35 లక్షలు వస్తుంది. కాగితం మీద గుణకారంలో తప్పేమీ లేదు. అయితే 435 చోట్లా శ్రీగంధమే నాటితే తోడు చెట్లు ఎక్కడ నిలవాలి? నాటిన ప్రతి మొక్కా పదిహేనేళ్లు బతుకుతుందా? బతికిన ప్రతి చెట్టుకూ పది కిలోల చేవ వస్తుందా? వచ్చిన చేవలో దొంగల పాలు పోయేదెంత? ఈ ప్రశ్నలకు ఆ లెక్కలో చోటు లేదు. ఇక ఆ కిలో పదివేలు ఏ చేవకు, ఏ సంవత్సరం, ఏ కలప డిపోలో పలికిన ధర అన్నదీ ప్రకటన చెప్పదు. ముదురు చెట్టు చేవ ధర వేరు, లేత చెట్టు చేవ ధర వేరు.

ఈ తేడా తైలంలో ఉంది. చేవను ముక్కలుగా చేసి, పొడి కొట్టి, ఆవిరి పట్టి తైలం తీస్తారు. శ్రీగంధ తైలం త్వరగా దిగిరాదు. బట్టీ రెండు మూడు రోజులు ఆగకుండా నడవాలి. ఈ తైలంలో గుణమంతా ఆల్ఫా శాంటలాల్, బీటా శాంటలాల్ అనే రెండు పదార్థాలది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తైలంలో మొదటిది 41 నుంచి 55 శాతం, రెండోది 16 నుంచి 24 శాతం ఉండాలి. పదేళ్ల ప్రాంతపు లేత చెట్ల చేవలో తైలం రెండు శాతానికి మించడం అరుదని, ముప్ఫై నుంచి యాభై ఏళ్ల చెట్లలో అది దాదాపు మూడు నుంచి ఐదున్నర శాతం వరకు ఉంటుందని, శాంటలాల్ శాతం కూడా ముదురు చెట్లలోనే మెరుగని శాస్త్రవేత్తలు పరీక్షించి చెప్పారు. అంటే వంద కిలోల లేత చేవను బట్టీకి వేస్తే రెండు కిలోల తైలం కూడా రాకపోవచ్చు; అదే బరువున్న ముదురు చేవ మూడు నుంచి ఐదు కిలోల దాకా ఇస్తుంది. కొనే వ్యాపారికి ఈ సంగతి బాగా తెలుసు. తెలియనిది పన్నెండో ఏట చెట్లు కొట్టించి అమ్మబోయే మదుపరికే. కలపను పాత మైసూరు పద్ధతిలో 18 తరగతులుగా విభజించేవారు: విలాయత్ బుడ్, చైనా బుడ్, పంజం అనే మొద్దుల దగ్గర మొదలుపెట్టి, వేళ్లు, చిల్టా ముక్కలు, చివరికి రంపపు పొట్టు దాకా ప్రతిదానికీ వేరే ధర ఉండేది. అంత నిశితంగా తూచి అమ్మే సరుకును మనవాళ్లు ఎకరాల లెక్కన, చెట్ల లెక్కన ముందే కొనేస్తున్నారు.

మైసూరు పేరెత్తాను గనుక ఆ చరిత్ర కొంత చెప్పాలి. అందులో మనం నేర్చుకోవలసింది చాలా ఉంది. 1792లో టిప్పు సుల్తాన్ శ్రీగంధాన్ని రాజవృక్షంగా ప్రకటించాడు. అప్పటినుంచి ఆ చెట్టు ఎవరి నేలలో మొలిచినా సర్కారుదే అయింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మైసూరు చెక్క పెద్దఎత్తున జర్మనీకి వెళ్లి అక్కడ తైలమయ్యేది. యుద్ధంతో ఆ ఎగుమతి ఆగిపోయి, చెక్క గోదాముల్లో పేరుకుపోయింది. అప్పుడు మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడెయరు, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యల హయాంలో, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రవేత్తలు ఇక్కడే తైలం తీసే పద్ధతి రూపొందించారు. 1916లో బెంగళూరులో, ఆ మరుసటి ఏడు మైసూరులో ఫ్యాక్టరీలు వెలిశాయి. ఇప్పటికీ మన ఇళ్లలో వాడే మైసూర్ శాండల్ సబ్బు అలా పుట్టిందే. చెక్క కొనే డిపో, పరీక్షించే ప్రయోగశాల, తైలం తీసే ఫ్యాక్టరీ, తయారైన సరుకుకు మంచి పేరు, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి ఏర్పడ్డాయి కాబట్టే మైసూరు గంధానికి లోకంలో అంత ఖ్యాతి వచ్చింది.

ఆ చరిత్రలోనే పెద్ద లోపమూ ఉంది. చెట్టు మీద హక్కు లేని రైతుకు దాన్ని కాపాడాలన్న ఆశ ఎందుకుంటుంది? పక్షులు తెచ్చి రాల్చిన విత్తనం గట్టున మొలిస్తే, రేపు కేసులు, తనిఖీలు వస్తాయన్న భయంతో చాలామంది రైతులు మొక్కగా ఉన్నప్పుడే పీకి పారేసేవారు. అడవిలో ఒకవైపు స్పైక్ తెగులు, మరోవైపు దొంగల గొడ్డలి. 1950లలో దేశంలో ఏటా 4,000 టన్నుల దాకా వచ్చిన చేవ, ఆ తర్వాతి దశాబ్దాల్లో కొన్ని వందల టన్నులకు పడిపోయింది. 1998లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం శ్రీగంధాన్ని ముప్పు పొంచి ఉన్న జాతుల్లో చేర్చింది. చివరికి కర్ణాటక 2001లో, తమిళనాడు 2002లో చట్టాలు సవరించి, పట్టా భూమిలోని శ్రీగంధం ఆ భూమి యజమానిదేనని ఒప్పుకున్నాయి. అప్పటినుంచే రైతులు మళ్లీ నాటడం మొదలుపెట్టారు. నా దృష్టిలో ఈ చెట్టుకు గత వందేళ్లలో జరిగిన మేలు అదే.

మన సంగతికొస్తే, 1967 నాటి అటవీ చట్టం, దాని కింద 1969లో శ్రీగంధం రవాణా మీద తెచ్చిన నిబంధనలు స్మగ్లర్లను అడ్డుకోవడం కోసం రాసినవి. అప్పట్లో పొలంలో శ్రీగంధం పెంచే రైతు అన్న ఊహే ఎవరికీ లేదు. ఆ నిబంధనలకు తర్వాత జరిగిన మార్పులేమిటో, సొంత పొలంలో నాటిన చెట్టును కొట్టడానికి ఏ కాగితాలు కావాలో, ఎన్ని రోజుల్లో అనుమతి వస్తుందో, మండల కేంద్రంలో ఒక బల్ల మీద తెలుగులో రాసి పెట్టిన చోటు నాకింతవరకు ఎదురుపడలేదు. మా ఊరి నుంచి కాస్త పడమరకు వెళ్తే కర్ణాటక హద్దు. అక్కడి రైతు తన పహాణీలో (భూమి, పంటల రికార్డులో) శ్రీగంధం చెట్లు నమోదు చేయించుకుంటాడు. చేవ పట్టాక అటవీశాఖకో, ప్రభుత్వ సబ్బుల ఫ్యాక్టరీకో అమ్ముకునే దారి ఉందని అతనికి తెలుసు. ఆ ఏర్పాటులో కూడా జాప్యాలున్నాయని అక్కడి రైతులు చెబుతారు. అయినా దారంటూ ఒకటుంది.

ప్రకటనలిచ్చే సంస్థల్లో చాలావరకు శ్రీగంధంతో పాటు ఎర్రచందనాన్నీ ఒకే గాట కట్టి అమ్ముతున్నాయి. ఈ రెండూ అన్నదమ్ములు కావు. శేషాచలం కొండల ఎర్రచందనం చిక్కుడు కుటుంబానికి చెందిన వేరే చెట్టు. దాని విలువ రంగులో, కలపలో ఉంది. దాన్నుంచి గంధపు తైలం రాదు. పైగా దాని విదేశీ అమ్మకం అంతర్జాతీయ ఒప్పందాల నియంత్రణలో ఉంది. కొనేవారు కనీసం ఈ తేడా తెలుసుకోవాలి.

చెట్ల పేరిట మదుపరులను ముంచిన కథ మనకు కొత్తది కాదు. 1990లలో టేకు తోటల కంపెనీలు లక్షల మంది సొమ్ముతో మునిగాయి. ఆ అనుభవంతోనే మదుపు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 1999లో సామూహిక మదుపు పథకాలకు నిబంధనలు తెచ్చింది. మన శ్రీగంధాన్నే ఆస్ట్రేలియా వాయవ్య మూలన కునునుర్రా దగ్గర కాలువ నీటి కింద వేల ఎకరాల్లో నాటారు. శాస్త్రజ్ఞులు, యంత్రాలు, సొంత డిస్టిలరీ అన్నీ ఉన్న అక్కడి పెద్ద సంస్థ కూడా 2018లో అప్పుల భారంతో, అప్పులిచ్చినవారు నియమించిన రిసీవర్ల చేతికి వెళ్లింది. ఇది చెప్పడం శ్రీగంధం పెంచవద్దని కాదు. నేను పెంచుతున్నాను, ఇకముందూ పెంచుతాను. ఇది ఓపికతో పెంచే చెట్టు. ఇతర పంటలకు తోడుగా, గట్ల మీద, ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత పిల్లలకు అక్కరకొచ్చేలా పెంచవలసిన చెట్టు. పన్నెండేళ్ల ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా దాన్ని అమ్మడం మీదే నా అభ్యంతరం.

కొనేవారు లేరా అంటే, మన దగ్గరే ఉన్నారు. సింహాచలం వరాహ లక్ష్మీనరసింహ స్వామి ఏడాది పొడవునా చందనంలోనే కొలువుంటారు. వైశాఖ శుద్ధ తదియ నాడు నిజరూప దర్శనం అయ్యాక మూడు మణుగుల పచ్చి చందనం సమర్పిస్తారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మళ్లీ మూడేసి మణుగులు. మొత్తం నాలుగు విడతల్లో సుమారు 500 కిలోల అరగదీసిన చందనం కావాలి. చందనోత్సవానికి ముందు ఆలయంలో వరుసగా సానలు పెట్టి, చెక్కను నీళ్లతో గుండ్రంగా తిప్పుతూ రోజుల తరబడి అరగదీస్తారు. ఆ చెక్కను పొరుగు రాష్ట్రం నుంచి తెప్పించుకుంటున్నారు. నెల్లూరు బారాషహీద్ దర్గాలో, కడప పెద్ద దర్గాలో గంధ మహోత్సవాలు జరుగుతాయి. ఇక నిత్యం స్వామికి గంధం అలంకరించే గుడులు ఊరూరా ఉన్నాయి. ఇన్ని చోట్ల ఇంత అవసరం ఉన్న నేల మీద, మన రైతు పెంచిన చెక్కకు గిరాకీ లేకపోవడం చూస్తుంటే బాధ కలుగుతోంది. అంగట్లో గంధం పేరిట అమ్మే పొడిలో, అగరుబత్తుల్లో, సబ్బుల్లో ఎక్కువ భాగం కృత్రిమ పరిమళమే. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తరు తయారీదారులు సైతం పువ్వుల ఆవిరిని పట్టే గంధతైలం ధర భరించలేక వేరే నూనెలకు మళ్లారు. అసలు సరుకు కరువు ఎంత ఉందో దీన్నిబట్టే తెలుస్తుంది.

కాబట్టి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకూ నా అభ్యర్థన ఇది. పొలంలో నాటిన శ్రీగంధం చెట్లను ఈ-పంటలోనో, పహాణీలోనో వయసుతో సహా నమోదు చేసి, ఆ నమోదునే హక్కు పత్రంగా గుర్తించాలి. గాలికి పడినా, ఎండినా, కొట్టదలచినా, దరఖాస్తు పెట్టిన నిర్ణీత గడువులో అనుమతి వచ్చేటట్టు ఒకే కాగితం, ఒకే కార్యాలయం ఉండాలి. చెట్టుకు సన్నటి బోరు వేసి పెన్సిలంత మందాన చెక్క నమూనా తీసి, చేవ ఎంత పట్టిందో, తైలం ఎంత ఉందో చెప్పే పరీక్ష బెంగళూరులోని కలప విజ్ఞాన సంస్థకు కొత్త కాదు. ఆ సదుపాయాన్ని సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాలలోనూ, రాయలసీమలో ఏదో ఒక పరిశోధనా కేంద్రంలోనూ కల్పిస్తే, రైతు గుడ్డిగా చెట్టు కొట్టించే గతి తప్పుతుంది. దొంగలు మాత్రం ఈ పరీక్ష ఇప్పటికే చేస్తున్నారు. రాత్రిపూట తోటలో దూరి డ్రిల్లుతో కన్నం పెట్టి, పొట్టు రంగు చూసి, చేవ ఉన్న చెట్టునే కోసుకుపోతున్నారు. తన చెట్టులో ఏముందో యజమానికంటే ముందు దొంగకు తెలిసే పరిస్థితి ఇది. అనంతపురం, తిరుపతి, మహబూబ్‌నగర్ వంటి చోట్ల తరగతులవారీగా తూచి వేలం వేసే డిపోలు తెరవాలి. దేవాదాయ శాఖ తన గుడులకు కావలసిన చెక్కలో కొంత భాగాన్ని అక్కడే కొంటానని ముందుగా మాట ఇస్తే, వ్యాపారులు వాళ్లంతట వాళ్లే వస్తారు.

మీకూ ఒక విన్నపం ఉంది. శ్రీగంధం తోటల ప్రకటన తీసుకునేటప్పుడు, ఎకరాకు ఇంత వస్తుందన్న లెక్కకు ఆధారమేమిటో, ఆ సంస్థ తోటల్లో ఇంతవరకు కొట్టిన చెట్లెన్నో, వాటిలో సగటున ఎంత చేవ వచ్చిందో, ఏ ధరకు ఎవరు కొన్నారో రాతపూర్వకంగా అడగండి. చెప్పగలిగినవారి ప్రకటన వేయండి. ఆ జవాబులను మీ వ్యవసాయ పేజీలోనూ అచ్చువేస్తే, కొనదలచినవారు చదివి నిర్ణయించుకుంటారు. గత దశాబ్దంలో నాటిన తోటల్లో చాలావాటికి ఇప్పుడు పదేళ్లు నిండుతున్నాయి. మరో ఐదారేళ్లలో వాటి యజమానులు గొడ్డళ్లు, కాగితాలు పట్టుకుని బయల్దేరుతారు. డిపోలూ, పరీక్షా కేంద్రాలూ అప్పటికి సిద్ధంగా ఉండాలంటే పని ఈ బడ్జెట్‌లోనే మొదలుకావాలి.

భవదీయుడు,
ఒక శ్రీగంధం రైతు,
హిందూపురం ప్రాంతం, శ్రీ సత్యసాయి జిల్లా